అరువు పేరు

ఎమ్లిన్ రీస్ తన జీవితంలో గొప్ప పని ఒక్కటే చేశాడు. అది కూడా వేరేవాడి పేరు మీద చేశాడు.

ముప్పై నాలుగేళ్లు ఒకే కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్‌గా ఉన్న మనిషి కథ ఇలా ఎత్తుకోవడం మర్యాద కాదు, ఒప్పుకోవాల్సిందే. ఆయన చేతి కింద ఎందరో కుర్రాళ్లు పెద్దవాళ్లయ్యారు, డాక్టర్లయ్యారు, పాస్టర్లయ్యారు. జట్టు మాత్రం గెలిచిన ఆటల కంటే ఓడిన ఆటలే ఎక్కువ. ఆ సంగతి ఆయనకు పెద్దగా పట్టేది కాదు. పట్టింది ఒక్కటే, స్లేటర్ బెండ్ మైదానంలో ఒక వానపూట నలభై ఎనిమిది గజాల దూరం నుంచి తన్నిన బంతి. ఒహాయో నది పొడవునా ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పుకునే ఆ తన్ను ఆండ్రూ హుడాక్ అనేవాడిది. ఆండ్రూ హుడాక్ ఆ బంతిని ముట్టుకోనైనా లేదు.

ఎమ్లిన్ పుట్టింది పెన్సిల్వేనియాలో, బొగ్గు గనుల ఊళ్లో. వీధంతా వెల్ష్ వాళ్లు. గనిలో దిగితే పాట, పైకొస్తే పాట, ఆదివారం చర్చిలో ఇక చెప్పక్కర్లేదు. ఆ వీధిలో గొంతు లేనివాడు ఇతనొక్కడే. "దేవుడు వీడికి గొంతు ఇవ్వబోయి కాలిచ్చాడు" అనేది వాళ్లమ్మ, ఇరుగుపొరుగు వినేలాగే. తొమ్మిదో ఏట బొగ్గులోంచి రాళ్లేరే పనిలో చేరాడు. సాయంత్రం ఇంటికొస్తూ దారిలో కనబడిన ప్రతి రాతిముక్కనూ తన్నుకుంటూ వచ్చేవాడు. బూట్లు అరిగిపోతున్నాయని తండ్రి బెల్టు తీశాడు. బెల్టు అరిగింది గానీ అలవాటు అరగలేదు.

ఆ కాలే అతన్ని గని బయటికి లాక్కొచ్చి కాలేజీలో పడేసింది. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే ఆట పేరుతో జరిగే కొట్లాట. బంతిని ముందుకు విసరడం లేదు, తలకు రక్షణ లేదు. బంతిని పొట్టకు అదుముకుని ఎదుటి పదకొండు మంది మీద పడటం, లేచాక పళ్లు తడుముకోవడం. అందులో ఎమ్లిన్ విద్య వేరు. బంతిని చేతుల్లోంచి కిందికి జారవిడిచి, అది నేలను తాకి పైకి లేచే రెప్పపాటులో తన్నేవాడు. రెండు నిలువు కర్రల మధ్య నుంచి అడ్డకర్ర మీదుగా పోతే నాలుగు పాయింట్లు. ఇరవై గజాల నుంచి తన్నినవాణ్ణి ఊరు మెచ్చుకునేది. ఇతను నలభై నుంచి తన్నేవాడు.

ఇరవై మూడో ఏట ఒహాయోలో, కొండ మీది చర్చి కాలేజీ వాళ్లు కోచ్‌గా పిలిచారు. గౌరవమైన ఉద్యోగం, ఉండటానికి గది. షరతు ఒకటే. ఆదివారం ఆట మాట ఎత్తకూడదు, మిల్లు ఊళ్ల జట్లతో డబ్బుకు ఆడకూడదు. తెలిస్తే ఆ రోజే పెట్టె సర్దుకోవాలి. చదవకుండానే సంతకం పెట్టాడు. తను ఏం పోగొట్టుకున్నాడో మొదటి నెలలోనే అర్థమైంది. ఆకలితో ఉన్నవాణ్ణి పంక్తిలో వడ్డనకు నిలబెట్టినట్టయింది అతని పని. కుర్రాళ్లు ఆడుతుంటే గీత బయట నిలబడి చూడాలి. నిద్రలో అతని కాలు దుప్పటిని తన్నేది.

రెండో ఏడు, అంటే 1905 నవంబరులో, టైగ్ మల్కహీ అనే ఐరిష్ మనిషి కొండెక్కి వచ్చాడు. స్లేటర్ బెండ్ ఉక్కు మిల్లులో మేస్త్రీ. మిల్లు జట్టు బాగోగులన్నీ అతనివే. వాళ్ల జట్టులో బంతి తన్నేవాడికి మోకాలు విరిగిందట. పైగా నది మీది మిల్లు ఊళ్లన్నీ కలిసి ఒక నియమం పెట్టుకున్నాయి. మిల్లు హాజరుపట్టీలో పేరున్నవాడే ఆడాలి. నియమం పెట్టుకున్న ఊళ్లన్నీ దాన్ని తప్పించుకునే దారి కూడా అదే రోజు కనిపెట్టుకున్నాయి.

"పట్టీలో ఒక పేరు ఖాళీగా ఉంది. నువ్వు అందులో దూరిపో," అన్నాడు మల్కహీ.

"ఎవరి పేరు?"

"ఆండ్రూ హుడాక్. స్లోవాక్ వాడు. ఈమధ్య పనిలోకి రావట్లేదులే."

"నన్ను చూస్తే స్లోవాక్ వాడిలా ఉన్నానా?"

"బురదలో పడ్డాక అందరం ఒకే జాతిరా నాయనా. ముక్కు తొడుగు పళ్లతో కరిచి పట్టుకో, మొహం సగం అదే కప్పేస్తుంది. మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల స్లోవాక్ వాళ్లు వాళ్ల భాషలో ఏదైనా అరిస్తే చెయ్యెత్తు. నోరు మాత్రం తెరవకు. నీ వెల్ష్ యాస వింటే పాతిపెట్టిన శవం కూడా లేచి కూర్చుంటుంది."

ఎమ్లిన్ నవ్వాడు. పనిలోకి ఎందుకు రావట్లేదు అని ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథే లేదు. అడగలేదు. అతని మనసు అప్పటికే మైదానంలో ఉంది.

మూడు ఆదివారాలు పొద్దున కాలేజీ చర్చిలో కూర్చుని, మధ్యాహ్నం రైలెక్కి వెళ్లి హుడాక్ అయిపోయి ఆడాడు. డబ్బూ ఇచ్చారు, తీసుకున్నాడు. కానీ డబ్బు ఇవ్వకపోయినా వెళ్లేవాడు. ఆ మూడు ఆదివారాలంత సంతోషంగా ముందెప్పుడూ లేడు, ఆ తర్వాతా లేడు. నాలుగో ఆట ఊరంతా ఏడాదిగా ఎదురుచూసేది. కృతజ్ఞతల పండగ రోజున, ఎగువ ఊరు వెస్ట్‌రిడ్జ్ జట్టుతో. ఆ ఏడు ఆ గురువారం నవంబరు ముప్పై అయింది. పెన్సిల్వేనియాలో అమ్మ దగ్గరికి పండక్కి వెళ్తున్నానని కాలేజీలో చెప్పి, టర్కీ కోడి భోజనం వదులుకుని రైలెక్కాడు.

అతనికి తెలియంది ఏమిటంటే, హుడాక్ పనిలోకి రాకపోవడానికి కారణం ఉంది. అక్టోబరులో ఒక రోజు కరిగిన ఉక్కు పోసే తొట్టి మీది నుంచి కాలు జారాడు. అందులో పడ్డ మనిషి మిగలడు. మిల్లు వాళ్లు వచ్చి తల్లికి చెప్పి వెళ్లారు. చూపించడానికి ఏమీ లేదు, పాతిపెట్టడానికి ఏమీ లేదు. శవం లేదు కాబట్టి చావు కాగితం లేదు, కాగితం లేదు కాబట్టి గుమాస్తా పట్టీలో పేరు కొట్టెయ్యలేదు. మల్కహీకి దొరికిన ఖాళీ అది.

తల్లి పేరు జుజానా. యాభై దాటిన విధవరాలు. ఇంగ్లీషు రాదు. మిల్లు వాళ్ల మాట ఆమె నమ్మలేదు. "ఏదీ, చూపించండి" అంది, వాళ్లు చూపించలేదు, అంతే. కొడుకు ఎవడితోనో గొడవపడి ఏ పూటకూళ్లింట్లోనో దాక్కున్నాడని అనుకుంటోంది. ఇలా ఉండగా వీధి ఆడవాళ్లు వచ్చి మైదానంలో బాకా పెట్టి హుడాక్ హుడాక్ అని పిలుస్తున్నారని చెప్పారు. స్లోవాక్ మగవాళ్లకు సంగతి తెలుసు. తమ పేరు ఊరంతా మోగడం వాళ్లకూ బాగుంది. ఆమెకు నిజం చెప్పే ధైర్యం మాత్రం ఒక్కడికీ లేకపోయింది.

నవంబరు ముప్పై పునీత ఆంద్రెయ రోజు. స్లోవాక్ వాళ్లలో పుట్టినరోజు ఎవరికీ గుర్తుండదు, పేరు రోజు మాత్రం ఎవరూ మరవరు. ఏ పునీతుడి పేరు పెట్టుకుంటే ఆయన రోజు వాళ్ల పండగ. ఆ పేరు గలవాడికి ఇంట్లో గసగసాలు కూరి చుట్టిన తీపి రొట్టె చెయ్యాలి, మొదటి ముక్క తల్లి చేత్తో నోట్లో పెట్టాలి. చేసిన రొట్టె తినిపించకుండా అటక మీద పెడితే అరిష్టం. జుజానా రొట్టె చేసి, తెల్లగుడ్డలో మూట కట్టుకుని, శాలువా కప్పుకుని వానలో మైదానానికి బయల్దేరింది.

ఆమె వచ్చేసరికి ఆట సగమైంది. ఇరవైరెండు మందీ బురద బొమ్మల్లా ఉన్నారు. తాడు దగ్గరికి తోసుకుని వచ్చి, ఎవరు హుడాక్ అని అడిగితే ఎవరో వేలు చూపించారు. ఆమె గట్టిగా పిలిచింది.

"ఒండ్రేయ్."

ఎమ్లిన్ విన్నాడు. పట్టీలోని హుడాక్ పేరు ఆండ్రూ అనే అతనికి తెలుసు. ఇదేదో వాళ్ల భాషలో శభాష్ అనడం కాబోలనుకున్నాడు. మల్కహీ చెప్పినట్టే ఆమె వైపు తిరిగి చెయ్యెత్తాడు. బాగా పైకి, వేళ్లు విప్పి, ఉత్సాహంగానే ఎత్తాడు. ఆమె మూటను గుండెకు హత్తుకుని అక్కడే నిలబడిపోయింది.

ఆట ముగియడానికి రెండు నిమిషాలే ఉన్నాయి. రెండు జట్లకూ ఒక్క పాయింటూ లేదు. బంతి గోల్ కర్రలకు నలభై ఎనిమిది గజాల దూరంలో చిక్కుకుంది. "తన్నుతావా?" అన్నాడు పక్కవాడు. ముక్కు తొడుగు పళ్ల మధ్య ఉంది కాబట్టి ఎమ్లిన్ తలూపాడు. బంతి వెనక్కి వచ్చింది, తడిసి గుమ్మడికాయంత బరువుగా ఉంది. నేలంతా బురద, బంతి లేస్తుందో లేవదో ఎవరికీ తెలియదు. అతను గడ్డి మిగిలిన ఒక చిన్న ముక్క చూసి సరిగ్గా దాని మీద వదిలాడు. లేచింది. తన్నాడు. తన్నిన క్షణంలోనే కాలికి తెలిసిపోయింది, చూడాల్సిన అవసరం లేకపోయింది. బంతి ఎడమ కర్రకు లోపలగా, అడ్డకర్ర మీదుగా దాటి అవతల నది గట్టున పడింది.

ఊరంతా తాడు తెంచుకుని మైదానంలోకి వచ్చింది. హుడాక్, హుడాక్ అని అరుస్తూ ఎత్తుకున్నారు. దించాక ఎమ్లిన్ ముక్కు తొడుగు తీసి, చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. తలెత్తేసరికి ఎదురుగా శాలువా కప్పుకున్న ఆవిడ ఉంది, చేతిలో మూట విప్పి ఉంది.

ఆమె ముఖం చూసి తను ఏం చేశాడో ఎమ్లిన్‌కు సగం అర్థమైంది. మిగతా సగం తర్వాత మల్కహీ చెప్పాడు. ఆమె ఏడవలేదు. చాలాసేపు అతన్నే చూసింది. కళ్లు, ముక్కు, గడ్డం, ఒక్కొక్కటీ వెతికినట్టు చూసింది. తర్వాత రొట్టె ముక్క తుంచి, అతని నోట్లో పెట్టి, వాళ్ల భాషలో ఒక మాట అంది. తిను అని అయ్యుంటుంది. అతను తిన్నాడు. ఆ పేరు మోసుకొచ్చినవాడు ఆ పూట అక్కడ అతనొక్కడే మరి. ఆమె మిగిలిన రొట్టె అతని చేతిలో పెట్టి, గుడ్డ మడతపెట్టుకుని వెళ్లిపోయింది.

పత్రికలో ఫోటో వచ్చింది. అందులో అతను అటు తిరిగి ఉన్నాడు, వీపు మాత్రమే కనబడుతుంది. కింద "హుడాక్ బంగారు కాలు" అని రాశారు. ఎమ్లిన్ ఆ తర్వాత ఆడలేదు. మల్కహీ రెండుసార్లు కొండెక్కి వచ్చి బతిమాలినా ఒప్పుకోలేదు.

అరువు సొమ్ము బరువు చేటు అంటారు. నగ అయితే తిరిగి ఇచ్చెయ్యొచ్చు, పేరును ఎలా ఇస్తారు? ఎమ్లిన్ మనసులో రెండు ముళ్లు ఒకేసారి దిగాయి. ఒకటి ఆ తల్లి ముందు చెయ్యెత్తిన సిగ్గు. రెండోది ఆ తన్ను నాది, నాది అనే దాహం. ఒకటి లేచినప్పుడల్లా రెండోది దాని నోరు నొక్కేది. బయటికి చెబుదామంటే ఉద్యోగం పోతుంది. అంతకంటే, తనను నమ్ముకున్న కుర్రాళ్ల జట్టునే కాలేజీ రద్దు చేస్తుంది.

ఏళ్లు గడిచాయి. బంతిని ముందుకు విసిరే ఆట వచ్చింది, తోలు టోపీలు వచ్చాయి. బంతి మొనలు సన్నబడి, జారవిడిచి తన్నే విద్యే మూలబడింది. ఎమ్లిన్ ఆ మూలబడ్డ విద్యనే పట్టుబట్టి నేర్పేవాడు. కుర్రాళ్లు వెనక నవ్వుకునేవాళ్లు.

"కోచ్‌గారు నోటితో అరవై గజాలు తంతారు," అన్నాడు ఒకసారి ఒకడు, ఆయన వెనకే ఉన్నాడని తెలియక.

"ఆయన్నంటావేంట్రా, స్లేటర్ బెండ్ హుడాక్ లాంటోడు మనకి కోచ్‌గా ఉంటే తెలిసేది," అన్నాడు ఇంకొకడు.

ఎమ్లిన్ ఈలని నోట్లో పెట్టుకుని ఊదాడు. ఇద్దరి చేతా మైదానం చుట్టూ నాలుగుసార్లు పరుగెత్తించాడు. ఇంటికెళ్లి భార్య ఓల్వెన్‌తో చెప్పాడు. ఆమెకు పెళ్లైన ఏడాదే అంతా చెప్పేశాడు. ఆమె అప్పుడూ ఒకటే అంది, ఇప్పుడూ అదే అంది.

"నీ కాలు నీది. దాని ముందర ఇంకోడి పేరేంటి? చర్చిలో లేచి చెప్పేసెయ్. తీసేస్తే తీసేస్తారు. మా నాన్న గనిలో ఇంకో పార ఉంది."

ఆమె తండ్రి గని మూతపడి పదేళ్లయిందని ఇద్దరికీ తెలుసు. ప్రతి నవంబరు ముప్పైకీ ఎమ్లిన్ పొద్దున్నే లేచి, ఎవరూ లేని కాలేజీ మైదానంలో నలభై ఎనిమిది గజాలు అడుగులతో కొలుచుకుని నిలబడేవాడు. బంతి తీసుకెళ్లేవాడు కాదు. కాసేపు నిలబడి వచ్చేసేవాడు.

1938 వేసవిలో ఆయన ఉద్యోగ విరమణ చేశాడు. అక్టోబరులో ఉత్తరం వచ్చింది. రాసింది మల్కహీ. ఆ జట్టు పేరున స్లేటర్ బెండ్ మైదానంలో రాయి నిలబెడుతున్నారు, పదకొండు పేర్లూ చెక్కుతారు. "ఎనిమిదో వరస నీది. ఇప్పుడు నిన్ను పీకేవాడు లేడు, నన్ను అడిగేవాడు లేడు. సుద్దతో గీసి ఉంచాం, ఉలి పడకముందే వచ్చి నీ పేరు చెప్పుకో. నేను ఎంతోకాలం ఉండను" అని ఉంది.

ఓల్వెన్ ఉత్తరం రెండుసార్లు చదివి, ఆయన మంచి కోటు తీసి బ్రష్ పట్టింది.

"వెళ్లి సరిచేయించుకురా," అంది.

ఏ రోజు వెళ్లాలో ఆయన ఆలోచించలేదు. నవంబరు ముప్పైన రైలెక్కాడు. దారి పొడవునా ఒక వాక్యం వల్లె వేసుకున్నాడు. ఎనిమిదో వరసలో తప్పుంది, ఆ తన్ను తన్నింది నేను, నా పేరు ఎమ్లిన్ రీస్. ఇంత చిన్న వాక్యం ముప్పై మూడేళ్లు ఎలా మోశానా అని నవ్వొచ్చింది.

మల్కహీ చేతికర్రతో మైదానం దగ్గరే ఉన్నాడు. మనిషి సగమైపోయాడు, నోరు మాత్రం అలాగే ఉంది.

"వచ్చావా హుడాకూ. పొట్ట బాగా పెంచావు, బంతి దాచుకున్నావా ఏంటి?"

రాయి గోల్ కర్రల పక్కన నిలబెట్టి ఉంది. ఎనిమిదో వరసలో సుద్దతో ఆండ్రూ హుడాక్. ఎమ్లిన్ దాన్ని చదువుతూ కిందికి చూశాడు. ఎడమ కర్ర మొదట్లో కరిగి గడ్డకట్టిన మైనం ఉంది. ఒకటి రెండు కాదు, ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పేరుకున్నది.

"ఇదేంటి?"

మల్కహీ కర్రతో నేల గీకాడు. "ఇది చెప్పకుండా రాయి మీద నీ పేరు రాయిస్తే పాపం నాకే చుట్టుకుంటుంది. ముసలమ్మ ఇంకా ఉందిరా. ఎనభై నాలుగు. వాళ్లలో చనిపోయినవాళ్ల ఆత్మల రోజున సమాధి మీద కొవ్వొత్తి పెట్టాలి. వాడికి సమాధేదీ? ప్రతి నవంబరూ ఇక్కడికొచ్చి పెట్టిపోతుంది. నువ్వొస్తున్నావని పొద్దున కబురుపెట్టాను. వెళ్తావో మానతావో నీ ఇష్టం. రాళ్లు చెక్కేవాడు నాలుగింటికి వస్తాడు."

ఎమ్లిన్‌కు తిరిగి రైలెక్కేద్దామా అనిపించింది. చివరికి కొండవాలులోని ఆ వీధికి నడిచాడు.

తలుపు తీసే ఉంది. పేరు రోజున వాళ్ల ఇళ్లు మూయరు. జుజానా బల్ల దగ్గర కూర్చుని ఉంది. కళ్లకు పొర కమ్మింది. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డలో గసగసాల రొట్టె, ఇంకా కొయ్యలేదు. ఈ ముప్పై మూడేళ్లలో ఆమెకు ఇంగ్లీషు వచ్చింది, కావలసినంత.

"బూట్లు విప్పి రా. వంటగది ఇప్పుడే కడిగాను," అంది. ఆయన విప్పాడు. "కూర్చో. చెయ్యెత్తినవాడివి నువ్వే కదూ?"

"నేనేనమ్మా. ఆ రోజు మీరు పిలిచింది పేరని నాకు తెలీదు. శభాష్ అంటున్నారనుకున్నా. తెలిస్తే ఎత్తేవాణ్ణి కాదు. ఒట్టు."

"అందుకనేనా ఇన్నేళ్లూ ఇటు మొహం చూపించలేదు?"

"అందుకే."

ఆమె వేళ్లతో గుడ్డ అంచు సర్దింది.

"మిల్లు వాళ్లు వచ్చి నీ కొడుకు ఇనుములో కలిసిపోయాడని చెప్పిపోయారు. పట్టుకుని ఏడవడానికి చొక్కా గుండీ కూడా ఇవ్వలేదు నాయనా. ఆ వానలో నువ్వు చెయ్యెత్తావు. ఆట అయ్యేదాకా నా కొడుకు బతికే ఉన్నాడు. పరిగెత్తాడు, పడ్డాడు, లేచాడు. ఊరు ఊరంతా వాడి పేరు అరిచింది. నీ మొహం చూశాక పోయాడు. నాకు వాడు పోయింది మిల్లులో కాదు, అక్కడే, ఆ కర్రల దగ్గర. నీ మీద కోపం రాలేదని అబద్ధం చెప్పను. నాలుగేళ్లు తిట్టాను. ఐదో ఏడు మానేశాను."

"ఎందుకు మానేశారమ్మా?"

"అలిసిపోయి." ఆమె నవ్వింది, పళ్లు లేవు. "ఇప్పుడు పేరు కోసం వచ్చావు కదూ? మల్కహీ చెప్పాడులే."

ఎమ్లిన్ తల దించుకున్నాడు. కాదని అనాలని ఉంది, అనలేకపోయాడు. "అవునమ్మా. అదొక్కటే నేను చేసింది. ఇంకేమీ లేదు నాకు. చచ్చేలోపు ఒక్కసారి దాని పక్కన నా పేరు చూసుకోవాలని ఉంది."

"అయితే తీసుకో. తన్నింది నువ్వు. మావాడు చిన్నప్పుడు కుక్కని కూడా తన్నలేదు. అకార్డియన్ వాయించేవాడు, అదీ అంతంతమాత్రమే. నీ పేరు రాయించుకో, నేనేమీ అనుకోను. నాకెటూ కనబడదు." ఆమె రొట్టె కొయ్యడానికి కత్తి తీసుకుని ఆగింది. "ఒక్కటే అడుగుతా. ఆ రాయి మీద ఆండ్రూ అనుందట, పక్కింటి పిల్ల చదివి చెప్పింది. ఎవడా ఆండ్రూ? ఆండ్రూ అనేవాణ్ణి నేను కనలేదు. మిల్లు గుమాస్తాకి నోరు తిరక్క అలా రాసుకున్నాడు. కూడు పెట్టేచోట గొడవెందుకని బతికున్నన్నాళ్లూ వాడు పలికాడు. చచ్చాక కూడా అదేనా?"

ఆమె మొదటి ముక్క కోసి, చెయ్యి చాపి, ఆయన నోరు ఎక్కడుందో వేళ్లతో వెతుక్కుని పెట్టింది. ఆ రోజు అన్న మాటే అంది. ఆయన నమిలాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ నమిలాడు. మిగిలిన రొట్టెను ఆమె గుడ్డలో కట్టి ఆయన చేతికిచ్చింది.

వెళ్లబోతూ ఆయన, కొడుకు పేరు రాసింది ఏదైనా ఉందా అని అడిగి, గూట్లో ఉన్న ప్రార్థనల పుస్తకం తీశాడు. మొదటి పేజీలో పాత దేశపు పాదిరి బాప్తిస్మం నాడు రాసిన పేరుంది. దాన్ని ఒక్కో అక్షరం చూసి మల్కహీ ఉత్తరం వెనక పెన్సిలుతో దించుకున్నాడు.

మైదానంలో రాళ్లు చెక్కేవాడు పనిముట్లు పరుచుకుని ఉన్నాడు. మల్కహీ ఎదురొచ్చాడు.

"చెప్పు, ఏం రాయమంటావు?"

రైల్లో వల్లె వేసిన వాక్యం నాలుక మీదే ఉంది. మొదటి ముక్క బయటికొచ్చింది కూడా. "ఎనిమిదో వరసలో తప్పుంది."

"ఎట్టకేలకు చెప్పావురా. ఊఁ, రీస్ ఎలా రాయాలి?"

ఎమ్లిన్ రాయి వైపు చూశాడు. పేరు వదులుకోవడం తేలికని ఎవరూ అనుకోవద్దు. కాగితం తిప్పి వెనక వైపు చూపించాడు.

"రీస్ కాదు. ఆండ్రూ కాదు. ఒండ్రేయ్. చూసి సరిగ్గా దించమను."

మల్కహీ ఆయన్ని ఎగాదిగా చూశాడు. జేబురుమాలు తీసి, వంగలేక వంగి, సుద్ద గీతను తనే తుడిచాడు.

స్టేషన్‌లో దిగేసరికి ఓల్వెన్ ఎదురొచ్చింది. "పేరు సరిచేయించావా?"

"సరిచేయించాను," అన్నాడు. ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు. చేతిలో మూట ఆమెకిచ్చాడు.

చలికాలం అంతా ఆమె ఆ సంతోషంతోనే గడిపింది. పక్కింటి వాళ్లకూ, చర్చిలో ఆడవాళ్లకూ చెప్పింది. ఆయన అడ్డుపడబోయి, ప్రతిసారీ ఆగిపోయాడు. తన పేరు ఆ తన్నుతో కలిపి ఒకరి నోట వినడం అదే మొదలు, ఆపబుద్ధి కాలేదు. ఏప్రిల్లో ఇద్దరూ రాయి చూడటానికి వెళ్లారు. గడ్డి కొత్తగా మొలిచింది. ఎడమ కర్ర దగ్గర కాకుండా ఈసారి రాతి మొదట్లో కొవ్వొత్తి కాలిన కొత్త మచ్చ ఉంది. ఓల్వెన్ కళ్లద్దాలు పెట్టుకుని పదకొండు పేర్లూ పైనుంచి కిందికి చదివింది, కిందినుంచి పైకి చదివింది.

"నీ పేరేది?"

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని వేలిని ఎనిమిదో వరస మీద పెట్టాడు. ఆమె అక్షరాలు తడుముతూ కూడబలుక్కుంది, తప్పుగా పలికింది.

"అలా కాదు. నోరు గుండ్రంగా పెట్టి అను."

ఓల్వెన్ ఆయన ముఖం చూసింది. ఏదో అడగబోయి మానుకుంది. రాయి వైపు తిరిగి, ఈసారి సరిగ్గా, కాస్త గట్టిగానే పిలిచినట్టు పలికింది.

"ఒండ్రేయ్."

ఎమ్లిన్ చెయ్యి దానంతటదే పైకి లేచింది.